వాన్ హేలెన్ ‘బ్రౌన్ సౌండ్’: డిమ్మర్‌స్టాట్ మహిమా, చేతి మహిమా?

తెగినతీగ:
నిన్న ప్రాక్టీసు అయ్యాక టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది. రెండు టీలు, నాలుగు సమోసాలు అయ్యాయి కానీ గొడవ మాత్రం తేలలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. అమెరికా రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1978 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో గిటార్ మోతని ఇప్పటికీ అందరూ ‘బ్రౌన్ సౌండ్’ అంటారు. గట్టిగా పగిలిన శబ్దమే, అయినా చెవిలో గుచ్చుకోదు. అప్పట్లో ఆయన వాడింది 100 వాట్ల మార్షల్ సూపర్ లీడ్, 1960ల చివరి నాటి సెకండ్ హ్యాండ్ యాంప్ (గిటార్ యాంప్లిఫయర్). నాబులన్నీ 10 మీదే, అంటే పూర్తిగా తిప్పి. గోడ ప్లగ్గుకీ యాంప్‌కీ మధ్య ఒక వేరియాక్ (వోల్టేజిని పెంచి తగ్గించే డబ్బా, మన డిమ్మర్‌స్టాట్) పెట్టి, అమెరికాలో వచ్చే 120 వోల్టుల కరెంటుని 90కి అటూ ఇటూగా దించేవాడు.

మా బాసిస్టు మాట: ఆ వేరియాకే బ్రౌన్ సౌండ్, అది తీసేస్తే మిగిలేది మామూలు మార్షలే. నా మాట: వేరియాక్ ఒక సౌకర్యం అంతే, శబ్దం ఆ చేతిది. మీరేమంటారు?

వహ్వాపెడల్:
చేతిదే. ఇందులో చర్చ ఏముంది? ఇంకో అమెరికా రాక్ గిటారిస్టు టెడ్ న్యూజెంట్ ఎన్నోసార్లు చెప్పిన కథ ఉంది కదా. ఎడ్డీ గిటార్, ఎడ్డీ యాంపు, ఎడ్డీ సెట్టింగులు అన్నీ అలాగే ఉంచి తను వాయిస్తే టెడ్ న్యూజెంట్ లాగే వినపడిందట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మనవాళ్ళకి వాయించడం రాక వోల్టేజి మీద పడుతున్నారు.

పాతవాల్వు:
తమ్ముడూ, సామెత బాగుంది కానీ మద్దెల నిజంగానే ఓడైతే ఎంతటి ఆటగాడైనా ఏం చేస్తాడు? వేరియాక్ కథ సగం సగం తిరుగుతోంది కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

ఎడ్డీ నెదర్లాండ్స్‌లో పుట్టాడు. 1962లో కుటుంబం కాలిఫోర్నియాలోని పాసడీనాకి వచ్చేసింది. పెద్ద వేదికలు ఎక్కకముందు వీళ్ళు వాయించింది ఎక్కువగా ఇళ్ళ పెరళ్ళలో పార్టీలు, ఆ తర్వాత హాలీవుడ్‌లో గజారీస్ లాంటి క్లబ్బులు. ఇప్పుడు ఆ 100 వాట్ల మార్షల్‌ని చిన్న క్లబ్బులో ఊహించుకోండి. దానికి మాస్టర్ వాల్యూమ్ లేదు, అంటే శబ్దం గుణం మారకుండా మోత మాత్రం తగ్గించే నాబు లేదు. లోపల శబ్దాన్ని పెంచే గాజు వాల్వులు బాగా ఒత్తిడికి లోనైతేనే ఆ పగిలిన శబ్దం వస్తుంది. అంటే వాల్యూమ్ పూర్తిగా తిప్పాలి. పూర్తిగా తిప్పితే ముందు వరసలో ఎవరూ ఉండరు, క్లబ్బు యజమాని మాత్రం పరిగెత్తుకొస్తాడు.

ఎడ్డీ ఏమేం చేశాడో ఆయనే తర్వాత చెప్పాడు. యాంప్ మీద ప్లాస్టిక్ కవరు తీయకుండా వాయించాడు. స్పీకర్ బాక్సు గోడకేసి తిప్పాడు. బోర్లా పడుకోబెట్టాడు. ఏదీ కుదరలేదు. అప్పుడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఇంకో మార్షల్ కొన్నాడు. ఇంటికి తెచ్చి పెడితే చడీచప్పుడూ లేదు. మోసపోయాననుకుని దాన్ని అలా ఆన్‌లోనే వదిలేసి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి గిటార్ తగిలించి చూస్తే, అన్నీ 10 మీద పెట్టినప్పటి శబ్దమే, కానీ చాలా సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు వినపడింది. వెనక స్విచ్చి ఇంగ్లండ్ కరెంటు మీద, 220 దగ్గర ఉంది. అందుతున్నదేమో అందులో సుమారు సగమే.

అక్కడ వెలిగింది బల్బు. వోల్టేజి తగ్గిస్తే మోత తగ్గుతుంది, గుణం తగ్గదు అని. మొదట ఇంట్లో దీపాలకి వాడే డిమ్మర్‌కి యాంప్ తగిలించాడు. ఇల్లంతా చీకటి. ఆ తర్వాత రేడియో సామాన్ల దుకాణానికి పోయి, దీనికంటే పెద్ద డిమ్మర్ ఏదైనా ఉందా అని అడిగితే వాళ్ళు చేతిలో పెట్టింది వేరియాక్.

కాబట్టి అది మొదట శబ్దం మార్చడానికి కొన్నది కాదు, గోల తగ్గించడానికి కొన్నది. ఈ తేడా మీద తెగినతీగ గారికి ఒక పాయింటు ఇస్తున్నాను. ఒకటే.

బెంచీకిందిబ్యాచ్:
వేరియాక్ అంటే ఏదో అమెరికా మంత్రదండం అనుకుంటున్నారేమో. ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) చదివిన ప్రతివాడూ ల్యాబ్‌లో దాని మీద చెయ్యి వేసినవాడే. మనం డిమ్మర్‌స్టాట్ అంటాం. డబ్బా మీద పెద్ద నల్ల నాబు, లోపల గుండ్రటి రాగి చుట్ట, దాని మీద జారే కార్బన్ బ్రష్. అది కూడా ట్రాన్స్‌ఫార్మరే. ఇంట్లో లైటు డిమ్మర్ వేరు, అది కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోస్తుంది, అందుకే దానికి యాంప్ తగిలిస్తే అల్లరవుతుంది. డిమ్మర్‌స్టాట్ తరంగాన్ని కోయదు, ఎత్తు తగ్గిస్తుంది అంతే.

ఇప్పుడు లెక్క. వోల్టేజి 120 నుంచి 90కి దింపితే ముప్పావు వంతు అయింది. పవర్ దాని వర్గంతో పోతుంది, అంటే 0.75 ఇంటూ 0.75, సుమారు 0.56. కాగితం మీద 100 వాట్ల యాంప్ 56 వాట్లు అయింది. డెసిబెల్స్‌లో చూస్తే తగ్గింది రెండున్నర మాత్రమే. మోత సగమైందని చెవికి అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. 60 వోల్టులకి దించినా 6 డెసిబెల్సే.

కాబట్టి 90 వోల్టుల దగ్గర అది మోత తగ్గించే యంత్రంగా పెద్దగా పనికిరాదు. మరి ఏం మారుతుంది? వాల్వుల ప్లేటుకి అందే వోల్టేజి తగ్గింది కాబట్టి అవి తొందరగా హద్దుకి చేరతాయి. తీగ మీటగానే మొదటి దెబ్బ కొంచెం కుంగి, తర్వాత పైకి ఉబ్బినట్టు వస్తుంది. వాల్వుని వేడి చేసే ఫిలమెంటు కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది, 6.3 వోల్టులు అందాల్సిన చోట 4.7 అందుతుంది, వాల్వు సరిగా కాగదు. ఇవన్నీ శబ్దంలో వినపడతాయి. సౌకర్యం కోసం కొన్నాడు, సరే. కానీ ఆ సౌకర్యమే శబ్దం అయింది. బాసిస్టుకి నా ఓటు.

గోదారిగట్టు:
మా ఊళ్ళో సాయంత్రం ఏడింటికి కరెంటే వేరియాక్ అండీ. ట్యూబ్‌లైటు వెలగడానికి పది నిమిషాలు కొట్టుకునేది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. బ్రౌన్ సౌండ్ తెలియదు కానీ స్టెబిలైజర్ టకటకమనే సౌండ్ మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు.

వహ్వాపెడల్:
@బెంచీకిందిబ్యాచ్ లెక్క బాగుంది బ్రో. కానీ ఎడ్డీ తనే అప్పట్లో పత్రికలకి చెప్పింది వోల్టేజి పెంచుతానని కదా? 140 దాకా తోస్తానన్నాడు. మరి మీరేమో 90 అంటున్నారు.

పాతవాల్వు:
అదే అసలు మజా. పెంచుతానని చెప్పాడు, నిజానికి దించేవాడు. పోటీ గిటారిస్టులకి తన కిటుకు దొరక్కుండా అలా చెప్పాడనే అందరి అనుమానం. నమ్మినవాళ్ళు ఇంటికెళ్ళి నాబు పైకి తిప్పి యాంపులు కాల్చుకున్నారు. దించేవాడినని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. వేదిక మీద సోలోలు వాయించేటప్పుడు వేళ్ళు ఎలా ఆడుతున్నాయో కనపడకుండా జనానికి వీపు చూపించిన మనిషి, వోల్టేజి నిజం చెప్తాడా?

మసిబొగ్గు:
ఆ నమ్మినవాళ్ళ జాబితాలో నేనూ ఉన్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను.

చదువుకునే రోజుల్లో ఆ పాత ఇంటర్వ్యూ మాట ఎవరో చెప్పారు, 120కి బదులు 140 అని. మన దగ్గర 230 కాబట్టి అదే నిష్పత్తిలో లెక్కేశాను, 268 వచ్చింది. అప్పు తెచ్చిన డిమ్మర్‌స్టాట్ నాబు మీద చివరి అంకె 270. దేవుడే చేసి పంపాడనుకున్నాను. నా దగ్గరున్న చిన్న వాల్వు యాంప్‌ని దానికి తగిలించి నెమ్మదిగా తిప్పాను. 240 దగ్గర శబ్దం బాగుంది. 250 దగ్గర ఇంకా బాగుందనిపించింది, బహుశా భయం వల్ల. 260 దాటాక ఒక వాల్వు లోపల ప్లేటు మధ్యలో ఎర్రటి మచ్చ కనిపించింది, కుంపట్లో బొగ్గు రాజుకున్నట్టు. అందంగా ఉందని చూస్తూ నిలబడ్డాను. అది నేను చేసిన తప్పు. ఆ తర్వాత వచ్చిన వాసన నాలుగు రోజులు గదిలోంచి పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది చుట్టించడానికి పట్టిన డబ్బుతో అప్పుడు ఇంకో గిటార్ వచ్చేది.

కాబట్టి ఎవరైనా చేసి చూద్దామనుకుంటే దించండి, పెంచకండి. డిమ్మర్‌స్టాట్ ఆన్ చేసే ముందు నాబు ఎక్కడుందో చూసుకోండి. ఇంకోటి, ల్యాబ్‌లో వాడే మామూలు డిమ్మర్‌స్టాట్ మనల్ని గోడ కరెంటు నుంచి విడదీయదు, లోపలికి వచ్చే తీగా బయటికి పోయే తీగా ఒకటే, ముట్టుకుంటే షాకే. వాల్వు యాంప్ ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లలో చంపేంత కరెంటు నిలవ ఉంటుంది. డబ్బా విప్పకండి.

తెగినతీగ:
@మసిబొగ్గు అన్నా, చదువుతుంటే నాకే వాసన వచ్చింది.

@బెంచీకిందిబ్యాచ్ నీ లెక్కే నా వైపు పనికొస్తుంది కదా. రెండున్నర డెసిబెల్స్, కాస్త కుంగుడు, అంతే తేడా అయితే, అదే సూపర్ లీడ్ అదే వేరియాక్ కొనుక్కున్నవాళ్ళందరికీ ఆ శబ్దం రావాలి. ఇన్నేళ్ళలో ఎంతమందికి వచ్చింది?

మిక్సర్‌అక్క:
చాలాసేపటి నుంచీ చదువుతున్నాను. అందరూ చేతి గురించీ కరెంటు గురించీ కొట్టుకుంటున్నారు. ఆ శబ్దాన్ని పట్టి రికార్డు మీద పెట్టినవాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. నేను లైవ్ సౌండ్ చేస్తాను కాబట్టి నాకు కోపం రావడం సహజం.

ఒక పని చేయండి. మొదటి ఆల్బమ్ పెట్టి, ఎడమ ఇయర్‌ఫోన్ ఒక్కటే పెట్టుకుని వినండి. గిటార్ మొత్తం అక్కడే ఉంటుంది. దగ్గరగా, పొడిగా, కాస్త గరుకుగా. ఇదా బ్రౌన్ సౌండ్ అనిపిస్తుంది. ఇప్పుడు అది తీసేసి కుడిది పెట్టుకోండి. గిటార్ ఉండదు, దాని నీడ ఉంటుంది. పెద్ద గదిలో అవతలి గోడకి కొట్టుకుని వచ్చిన మోత. ఇప్పుడు రెండూ కలిపి వినండి. ఆ వెడల్పు, ఆ మెత్తదనం ఎక్కడి నుంచి వచ్చాయో మీకే తెలుస్తుంది.

1977లో హాలీవుడ్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో టెడ్ టెంపుల్‌మన్ నిర్మాతగా, డాన్ లాండీ ఇంజనీరుగా చేసిన పని అది. గిటార్‌ని ఒక పక్కకి తోసి, దాని ప్రతిధ్వనిని ఇంకో పక్కకి పెట్టారు. ఎక్కువ పాటల్లో ఒకే గిటార్, తాళం మీద తాళం వేసినట్టు పది ట్రాకులు పేర్చలేదు. దానికి తోడు తీగలు అర మెట్టు దింపి శ్రుతి చేశారు. మీరు ఇంట్లో వేరియాక్ కొన్నా రానిది అందుకే. మీరు పోలుస్తున్నది మీ గదిలోని యాంప్‌ని స్టూడియో గదితో.

ఇంకో సంగతి. ‘బ్రౌన్’ అనే మాట గిటార్ కోసం పుట్టింది కాదు. ఎడ్డీ తన అన్న అలెక్స్ స్నేర్ డ్రమ్ము మోత గురించి ఆ మాట వాడేవాడు, దుంగని కొట్టినట్టు ఉంటుందని. జనమే దాన్ని గిటార్‌కి అంటగట్టారు. ఎప్పటిలాగే డ్రమ్మర్‌కి దక్కాల్సింది గిటారిస్టు పట్టుకుపోయాడు.

డల్లాస్‌డ్రమ్మర్:
అక్కా, ఆ చివరి వాక్యం ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకుంటున్నాను.

బెంచీకిందిబ్యాచ్:
అక్క చెప్పింది రికార్డు సంగతి. ఒప్పుకుంటాను. కానీ చర్చ వేదిక మీది శబ్దం గురించి కూడా కదా. వేదిక మీద ఆ గది ఉండదు. 1978లో ఇంగ్లండ్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ కచేరీలకి ముందు వాయిస్తూ తిరిగినప్పుడు విన్నవాళ్ళు కూడా బిత్తరపోయారు. అక్కడ ఏం పనిచేసింది?

పాతవాల్వు:
వేదిక మీద యాంప్ ఒక్కటే లేదు నాయనా. గిటార్‌కీ మార్షల్‌కీ మధ్య ఏమేం ఉన్నాయో చూడు. ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90, ఫ్లాంజర్ అని శబ్దాన్ని సుడి తిప్పే పెడల్స్, ప్రతిధ్వని కోసం టేపు తిరిగే ఎకోప్లెక్స్. ఎకో వాడకపోయినా ఎకోప్లెక్స్ లోపలి ప్రీయాంప్ (సిగ్నల్‌ని ముందుగా పెంచే భాగం) గుండా వెళ్ళాక సిగ్నల్ రంగు మారుతుంది, ఇది గిటారిస్టులు ఇప్పటికీ విడిగా ఆ ప్రీయాంప్ కొనుక్కునేంత తెలిసిన సంగతి. ఒక ఎకో యంత్రాన్నయితే పాత బాంబు డొల్లలో బిగించి వేదిక మీద నిలబెట్టాడు. చూడ్డానికి అదో తమాషా.

ఇక గిటార్. లోపమున్న సరుకుగా పక్కన పెట్టిన బాడీ 50 డాలర్లకి, మెడ 80కి కొని తనే బిగించుకున్నాడు. పాత గిబ్సన్ ఈఎస్-335 గిటార్‌లోంచి పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) పీకి అందులో పెట్టాడు. అంత మోతలో పికప్ కీచుమనకుండా కరిగించిన మైనంలో ముంచాడు. వేడి ఎక్కువైతే పికప్ ప్లాస్టిక్ కూడా కరిగిపోతుంది, కొన్ని అలా పోగొట్టుకున్నాడు కూడా. వోల్టేజి గురించి ఇన్ని పోస్టులు పడ్డాయి, ఈ మైనం గురించి ఒక్కటి కూడా లేదు. నన్నడిగితే మైనం లేకుండా ఆ సెటప్ వేదిక మీద ఒక్క పాట కూడా నిలబడదు. అన్నీ 10 మీద పెట్టిన యాంప్ ముందు మైనం వేయని పాత పికప్‌తో నిలబడి చూడండి, పాట మొదలయ్యేలోపు ఈల మొదలవుతుంది.

యాంప్‌ని లోపల మార్చారా లేదా అనేది ఇంకో పాత తగాదా. లాస్ ఏంజలెస్‌లో హోసే అరెడోండో అనే మెకానిక్ ఆయన యాంపులు చూసేవాడు. అరెడోండో చేసిన మార్పులు అని చెప్పి దశాబ్దాల పాటు ఎందరో యాంపులు విప్పారు. తన ముఖ్యమైన మార్షల్‌లో మార్పులేమీ లేవనే ఎడ్డీ తర్వాత అన్నాడు. 140 వోల్టుల కథ చెప్పినది కూడా ఆ నోరే కాబట్టి ఎంత నమ్మాలో మీ ఇష్టం.

వహ్వాపెడల్:
ఇన్ని చెప్పినా న్యూజెంట్ కథకి ఎవరూ జవాబు చెప్పలేదు. అవే పెడల్స్, అదే మైనం, అదే 90 వోల్టులు. శబ్దం మాత్రం న్యూజెంట్‌ది.

మిక్సర్‌అక్క:
దానికి తిరగేసిన కథ నేను చెప్తాను. 1992లో ఎడ్డీ పేరు మీద పీవీ 5150 యాంప్ వచ్చింది. అప్పటి నుంచీ ఆయన మార్షల్ పక్కన పెట్టేశాడు. చేతులు అవే కదా? మరి 1990ల రికార్డు ఒకటి, 1978ది ఒకటి పక్కపక్కన పెట్టి వినండి. వాయించేది ఎడ్డీయేనని రెండు సెకన్లలో తెలుస్తుంది. కానీ శబ్దం ఒకటి కాదు. కొత్తది దట్టంగా, నున్నగా ఉంటుంది. ఆ గరుకుదనం లేదు.

అంటే మనిషిని పోల్చుకునేది ఒకటి, శబ్దం రంగు ఇంకొకటి. ఫోన్‌లో మాట్లాడినా మా అమ్మ గొంతు నాకు తెలుస్తుంది. అంతమాత్రాన ఫోన్ గొంతూ ఇంట్లో గొంతూ ఒకటేనా? న్యూజెంట్ చెప్పింది పోల్చుకోవడం గురించి. బ్రౌన్ అనేది రంగు గురించి. మీరిద్దరూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు చెప్పుకుంటూ టీలు తాగారు.

వహ్వాపెడల్:
...సరే, ఇది కొంచెం తగిలింది. కానీ రంగులో కూడా చెయ్యి ఉంటుంది అక్కా. అరచేతి అంచుతో తీగల్ని నొక్కి పట్టి కొట్టే తీరు, తీగలు మీటే పిక్ పట్టుకునే పద్ధతి... బొటనవేలు, మధ్యవేలు మధ్య పట్టుకునేవాడు ఆయన. మనం చూపుడువేలితో పడతాం.

మిక్సర్‌అక్క:
అది ఒప్పుకుంటాను. మీటిన క్షణంలో చెయ్యి చేసిందే యాంప్‌కి అందుతుంది. వాల్యూమ్ నాబు తిప్పుతూ వాయించినా అంతే. నేను కాదంటున్నది ‘చెయ్యే అంతా’ అనే మాటని.

గోదారిగట్టు:
తిలాపాపం తలా పిడికెడు అని ఇంక తేల్చేయొచ్చా అండీ?

బెంచీకిందిబ్యాచ్:
లేదండీ, పిడికెళ్ళు సమానం కాదు. నేను ఓటు మార్చుకుంటున్నాను కానీ వేళ్ళకి కాదు. రికార్డు మీదైతే గదికీ లాండీకీ పెద్ద పిడికెడు. వేదిక మీదైతే 10 మీద పెట్టిన 100 వాట్ల యాంప్‌కీ దాని ముందున్న స్పీకర్లకీ. వేరియాక్‌కి నేను మొదట ఇచ్చినంత ఇవ్వను. పైగా 1980ల్లో ఆయన వేదిక పద్ధతే మారిపోయింది. ఒక మార్షల్‌ని స్పీకర్ బదులు డమ్మీ లోడ్‌కి (మోత లేకుండా పవర్‌ని మింగేసే డబ్బాకి) కలిపి, అక్కడి నుంచి సిగ్నల్ తీసి వేరే పవర్ యాంపులకి పంపేవాడు. మోత తగ్గించుకోవడానికి అంతకంటే మంచి దారి దొరికాక, వేరియాక్ తప్పనిసరి ఎలా అవుతుంది?

పాతవాల్వు:
బాగా చెప్పావు. ఒక్క సవరణ. వేరియాక్ వల్ల ఇంకో ఉపకారం ఉంది, అది శబ్దంలో వినపడదు. అన్నీ 10 మీద పెట్టి రాత్రికి నాలుగైదు సెట్లు వాయిస్తే వాల్వులు ఎన్నాళ్ళుంటాయి? వోల్టేజి దించితే అవి బతుకుతాయి. క్లబ్బుల్లో వచ్చే డబ్బులతో వారం వారం కొత్త వాల్వులు కొనలేని కుర్రాడికి అది చిన్న సంగతి కాదు. నా బెంచీ మీదకి వచ్చే యాంపుల్లో సగం ఆ సంగతి మర్చిపోయినవాళ్ళవే.

తెగినతీగ:
అప్‌డేట్. ఈ రోజు ప్రాక్టీసులో అక్క చెప్పినట్టు చేశాం. మొదటి ఆల్బమ్ పెట్టి ఎడమ ఇయర్‌ఫోన్ నేను పెట్టుకున్నాను, కుడిది మా బాసిస్టు చెవిలో పెట్టాను. పాట మొత్తం అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు. నాకైతే పికింగ్‌లో ప్రతి గీకుడూ వినపడింది. చేతి పని అంటే ఇదీ అని వాడి వైపు గర్వంగా చూశాను.

వాడు ఇయర్‌ఫోన్ తీసి, నా చెవిలో అసలు గిటారే లేదురా, గది ఒక్కటే మోగుతోంది, ఇందులో నీ చెయ్యి ఎక్కడుందో చూపించు అన్నాడు.

టీ డబ్బులు ఈసారి కూడా నేనే ఇచ్చాను.